వైశాలికి తెలుసు

జనవరి 7, 2007, ఆదివారం

ఈ పుస్తకం నిజంగా చెత్తతో చేసినది. ఇదే మాట రాసినందుకు ఆఫీసులో నాకు జీతం ఇస్తారు. అక్కడ అది అబద్ధం. ఇక్కడ నిజం, ఇక్కడ జీతం లేదు.

అట్ట: జెనీఫర్ పనిచేసే హాస్పిటల్లో ఎవరో పట్టుకెళ్లడం మర్చిపోయిన ఎక్స్‌రే కవరు. దాని మీద ఇంగ్లీషులో 'ఎడమ మోకాలు' అని రాసి ఉంది. చెరపలేదు. ఈ పుస్తకం గతజన్మలో ఒక మోకాలు. లోపలి కాగితాలు: నా ఎం.ఏ. నోట్సు వెనకవైపులు, మందుల కంపెనీ వాళ్ల నిరుటి క్యాలెండరు, ఢిల్లీలో మా కటవారియా సరాయ్ గోడలన్నీ నిండిపోయాక మిగిలిన కోచింగ్ సెంటర్ కరపత్రాలు. వాటికి ఒకవైపు 'రేపటి కలెక్టర్ మీరే' అని ఉంది, రెండోవైపు ఏమీ లేదు. నాకు రెండోవైపు నచ్చింది. వెన్నుకి గాజుగుడ్డ. జిగురు మైదాతో ఉడికించింది.

జెనీఫర్ నా రూమ్మేటు. బాపట్ల పిల్ల, నర్సు. ఎంత శ్రద్ధగా ప్రార్థన చేస్తుందో అంత శ్రద్ధగా నన్ను తిడుతుంది.

"కింద కొట్లో నోటుబుక్కు దొరుకుద్ది కదే. దీనికింత ఆపరేషనెందుకు?" అంది, నేను సూది వేలికి గుచ్చుకుని అరిచినప్పుడు.

"నువ్వు కుట్టు అయితే. నీకు అలవాటేగా."

"కుట్లు డాక్టర్లేస్తారమ్మా. మేం దారం అందిస్తాం, తిట్లు తింటాం."

అయినా చివరి నాలుగు కుట్లూ తనే వేసింది. నావాటికంటే సూటిగా పడ్డాయి.

తెలుగులో రాస్తున్నది భాషాభిమానంతో అని ఎవరూ అనుకోనక్కర్లేదు. మా ఆఫీసులో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. మా బాసు వైశాలి తెలుగమ్మాయే, కానీ వసంత్ కుంజ్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. వింటే అంతా అర్థమవుతుంది, నోరు తెరిస్తే హిందీ, ఇంగ్లీషు, మధ్యలో కాస్త తెలుగు వస్తుంది, రాత చూస్తే జిలేబీలు కనిపిస్తాయి. ఇంతకంటే మంచి తాళంకప్ప నాకు దొరకదు.

జనవరి 9

ఆఫీసు గురించి ఒక్కసారి రాసేస్తే మళ్లీ రాయనక్కర్లేదు.

జియా సరాయ్ వెనక సందులో ఒక బేస్‌మెంటు. పేరు 'ఆకు'. వైశాలి నోరారా అనగలిగే తెలుగు మాటల్లో వ్యాపారానికి పనికొచ్చేది ఇదొక్కటే. మిగతావి అన్నం, పప్పు, ఛీ. కొనేవాళ్లు 'ఆఖూ' అంటారు, ఎవరో తుమ్మినట్టు ఉంటుంది.

మేం చేసేవి రీసైకిల్డ్ కాగితంతో, చేత్తో చేసిన జర్నళ్లు. అంటే, కొత్త కాగితం రీములు రీములుగా వస్తుంది. బిమ్లా దీదీ పెద్ద గిన్నెలో టీ డికాక్షన్ కాచి, షీట్లు ముంచి, తీగమీద ఆరేస్తుంది. పొద్దున పుట్టిన కాగితానికి సాయంత్రానికి వందేళ్లొస్తాయి. అంచులు వంకరగా చింపుతాం. ఆ తర్వాత నేను, ఎం.ఏ. ఇంగ్లీషు ఫస్ట్ క్లాసు, ప్రతి పుస్తకానికీ ఒక ట్యాగ్ రాస్తాను. 'ఒకప్పుడు నేను ఒక పెళ్లిచీరను.' 'ఒకప్పుడు నేను ఒక ప్రేమలేఖను.' నిన్న రాసింది: 'ఒకప్పుడు నేను ఒక గాలిపటాన్ని.' అది చదివి, మా సరుకు అమ్మే షాపులో ఎవరో ఆవిడ కళ్లు తుడుచుకుందట. నాకు ప్రతిభ ఉందని ఎప్పుడూ అనుమానంగానే ఉండేది.

గోడవారగా ఒక సిమెంటు తొట్టి ఉంది. మొదటి ఏడాది అందులో నిజంగానే చిత్తుకాగితాలు నానబెట్టి గుజ్జు కలిపేవాళ్లట. జల్లెడతో కాగితం ఎత్తడం బిమ్లా దీదీకి వచ్చు. ఒక వానాకాలం కాగితాలు ఆరలేదు, షాపువాళ్లు ఆగలేదు. వైశాలి "ఈ ఒక్క ఆర్డరుకి మాత్రం" అందట. అది రెండేళ్ల కిందటి మాట. ఇప్పుడు తొట్టిలో మూడు గొడుగులు, ఒక విరిగిన కుర్చీ ఉన్నాయి.

నాకేం అభ్యంతరం లేదు. రెండేళ్లలో ఇది నా నాలుగో ఉద్యోగం. ఇది కూడా పోతే ఏలూరు వచ్చేసి బి.ఎడ్.లో చేరతానని నాన్నకి ఫోన్లో మాటిచ్చాను. నాన్న ఎవరైనా మాటిస్తే క్యాలెండరు మీద రాసుకునే మనిషి. కాబట్టి నాకేం అభ్యంతరం లేదు.

జనవరి 14

మోకాలి పుస్తకానికి అలంకారం. లోపలి అట్టకి ఖాళీ మాత్రల రేకులు చదును చేసి అంటించాను. వెలుతురు పడితే వెండిలా ఉంది. బ్లూలైన్ బస్సు టిక్కెట్లతో మూలకి ఒక జేబు. జేబులో పెట్టుకోవడానికి ఏమీ లేదు.

జనవరి 24

టీ కాచాం.
తెల్ల కాగితాన్ని ముంచి ముసలిదాన్ని చేశాం.
అంచులు చింపాం, కాలం చింపినట్టు.
దానికో గతం తగిలించాం.
దానికి గతం లేదు. నిన్ననే మిల్లులోంచి వచ్చింది.
వైశాలికి తెలుసు.
బిమ్లాకి తెలుసు, ఆమె గోళ్లకి తెలుసు.
కొనేవాళ్లకే తెలియదు. వాసన చూసి పాతదనుకుంటారు.
వాసన టీది.
మిగతావాళ్లు కాగితానికే రంగు వేశారు. నేను మాటకి వేశాను.
ఈ అబద్ధాలన్నిటికీ చేతిరాత నాదే.

(చలికి వేళ్లు వంగడం లేదు. అందుకే వాక్యాలు ముక్కలుముక్కలుగా పడ్డాయి.)

జనవరి 25

పశ్చాత్తాపం తగ్గింది. జలుబు చేసింది.

ఫిబ్రవరి 2

భోజనం చేసి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మోకాలి పుస్తకం వైశాలి చేతిలో ఉంది.

"యే కిస్‌నే బనాయా?"

"నేనే."

"యార్ శరణ్యా, ఇట్ లుక్స్ సో రియల్!"

అలా ఎందుకు కనిపిస్తోందో చెప్పబోయి మానుకున్నాను. ఆవిడ పేజీలు తిప్పుతోంది. తన గురించి నేను రాసినవి తన వేళ్లకిందే కదులుతున్నాయి, తను మురిసిపోతోంది. 'ఛీ' అన్న మాట ఉన్న పేజీ దగ్గర కూడా మురిసిపోయింది. జనవరి 24 దగ్గర ఆగింది.

"ఛోటీ ఛోటీ లైన్స్. ఎంత క్యూట్‌గా ఉంది! ఏంటిది?"

తెలుగులో అడిగింది. అందుకేనేమో అబద్ధం కూడా తెలుగులో, తడుముకోకుండా వచ్చేసింది.

"జోలపాట. మా అమ్మమ్మ పాడేది."

"లల్లబై! గ్రాండ్‌మదర్స్ లల్లబై!" వైశాలి కళ్లు చెమర్చాయి. నిజంగానే. ఈవిడలో నన్ను విసిగించేది అదే, చెమర్చడం మాత్రం ఎప్పుడూ నిజమే.

పుస్తకాన్ని స్కానర్ మీద బోర్లా పడుకోబెట్టింది. కిందినుంచి వెలుగు పాకుతూ పోయింది. అది ఇంతకుముందొకసారి మోకాలితో ఎక్స్‌రేకి వెళ్లొచ్చిన కవరే కదా, బెదరలేదు. బెదిరింది నేను. ఆ క్షణంలో నేను అన్న మాట ఏమిటంటే, "కింద రెండు లైన్లు పడలేదు."

"క్రాప్ కర్ దియా. స్క్వేర్ కావాలి కొత్త సిరీస్ కవర్‌కి."

నా గురించి ఉన్న రెండు లైన్లూ తెగిపోయాయి. తక్కినవాళ్లందరూ ఉన్నారు.

ఫిబ్రవరి 3

రేపు చెప్తాను.

ఫిబ్రవరి 5

కొత్త సిరీస్‌కి ట్యాగ్ రాయమంది. రాశాను. 'ఒకప్పుడు నేను గోదావరి తీరాన ఒక అమ్మమ్మ జోలపాటను.' మా అమ్మమ్మ నాకెప్పుడూ జోల పాడలేదు. "పడుకుంటావా, మీ నాన్నని పిలవమంటావా" అనేది. అది కూడా పనిచేసేది.

ఫిబ్రవరి 6

రేపు చెప్తాను. అయినా తొందరేం లేదు. ఆ షాపుకి వచ్చేవాళ్లలో తెలుగు చదివేది ఎవరు? వాళ్లు ఇంగ్లీషు ట్యాగే పూర్తిగా చదవరు.

ఫిబ్రవరి 12

ప్రెస్సు నుంచి ప్రూఫు వచ్చింది. తలకిందులుగా ఉందా, సరిగ్గా ఉందా అని చర్చ. వైశాలి అటు తిప్పింది, ఇటు తిప్పింది. రెండువైపులా ఆవిడకి అందంగానే ఉంది. ప్రెస్సు అతను నావైపు తిరిగాడు.

"మేడమ్‌జీ, సీధా కౌన్‌సా హై?"

తలకిందులుగానే ఉండనిమ్మంటే సరిపోయేది. ఎవరికీ చదవబుద్ధి కాదు. నా చేతులు వాటంతటవే కాగితాన్ని సరిగ్గా తిప్పి పెట్టాయి. మా ఆఫీసులో ఆ పని నాకొక్కదానికే వచ్చు, నేనే చేశాను.

ఫిబ్రవరి 19

వైశాలి మెట్లు దిగుతూనే కేక వేసింది.

"గెస్ వాట్! మమ్మీకి శాంపిల్ ఇచ్చాను కదా, షి లవ్‌డ్ ఇట్! మమ్మీ దేన్నీ లవ్ చెయ్యదు. రామమోహన్ అంకుల్‌కి చూపించింది. తెలుగు సంఘం ఉగాది ఫంక్షన్, మార్చ్ ట్వంటీఫిఫ్త్. త్రీ హండ్రెడ్ పీసెస్! వచ్చిన వాళ్లందరికీ ఒక్కొక్కటి."

తెలుగు సంఘం. మూడువందలు. ఢిల్లీలో తెలుగు చదవగలిగినవాళ్లనందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేతిలో నా డైరీ పేజీ పెడతారన్నమాట.

"మీ మమ్మీ... తెలుగు చదువుతారు కదా?" అన్నాను.

"మమ్మీ? ఉస్‌కో అప్నా చష్మా తో మిల్తా నహీఁ."

ఆ కళ్లజోడు మీద భారం వేసి సాయంత్రం దాకా బతికాను.

ఫిబ్రవరి 20

జెనీఫర్‌కి చెప్పాను.

"చెప్పెయ్యవే బాబూ ఆవిడకి."

"చెప్తే ఉద్యోగం పోతుంది."

"చెప్పకపోతే?"

"మూడొందల మంది చదివాక పోతుంది. నెల లాభం."

"బి.ఎడ్. అంత ఘోరమా ఏంది?"

"నీకు తెలియదు. కాలేజీ మా ఇంటి ఎదురుగానే ఉంది. నాన్న వరండాలోంచి అటెండెన్సు తీసుకోగలడు."

అది మాత్రమే కాదన్నాను. విషయం షాపుదాకా వెళ్తే 'ఆకు' మూతబడుతుంది, బిమ్లా దీదీ పని పోతుంది, నా బాధంతా బిమ్లా దీదీ గురించే అన్నాను.

"ఆహా," అంది జెనీఫర్. ఆ 'ఆహా'లో సూది ఉంది.

ఫిబ్రవరి 27

రేపు చెప్తాను.

మార్చి 1

చెప్పనక్కర్లేదు! ఉపాయం దొరికింది. కవరు మీద అలంకారంగా ఒక రావి ఆకు అంటిస్తే? ఎండబెట్టిన పెద్ద ఆకు, సరిగ్గా మధ్యలో. టీ నుంచి గోళ్లదాకా అన్నీ దాని కిందికి పోతాయి. సంస్థ పేరే 'ఆకు' కదా.

వైశాలి నన్ను కౌగిలించుకుంది. "యూ ఆర్ ఎ జీనియస్!"

మార్చి 6

ఆకులు వచ్చాయి. వైశాలి తన అభిరుచి ప్రకారం తెప్పించింది. పచ్చదనమంతా నానబెట్టి తీసేసి ఈనెలు మాత్రం మిగిల్చిన రావి ఆకులు. దోమతెర కంటే పల్చన. "లెటర్స్ లోపలినుంచి పీప్ చెయ్యాలి," అంది.

పీప్ చెయ్యడం కాదు. 'వైశాలికి తెలుసు' అన్న లైను సరిగ్గా నడిమి ఈనె పక్కన పడి, ఎవరో మాష్టారు గీత గీసి పెట్టినట్టు కనిపిస్తోంది.

మార్చి 9

మూడువందలూ నేనే అంటిస్తున్నాను. కుంచె, మైదా జిగురు, ఆకు, వేలితో నొక్కడం. కనీసం జిగురు చిక్కగా పూస్తే అక్షరాలు అలుక్కుపోతాయనుకున్నాను. ప్రెస్సు అతను మంచి ఇంకు వాడాడు. నిజాయితీపరులు ఎక్కడ ఉండకూడదో అక్కడే ఉంటారు.

బిమ్లా దీదీ పక్కన కూర్చుని ఆకులు అందిస్తోంది. అడిగింది, "ఇస్‌మే క్యా లిఖా హై, బిటియా?"

ఎవరికో ఒకరికి చెప్పాలనిపించిందేమో. "ఇందులో మీ పేరుంది దీదీ," అన్నాను హిందీలో.

"మేరా నామ్?" కుంచె కింద పెట్టించింది. "కహాఁ?"

చూపించాను. గోధుమరంగు పట్టేసిన గోరుతో అక్షరాలని మెల్లగా తడిమింది. ఎప్పుడూ ఎక్కడా తన పేరు అచ్చులో లేదట, రేషన్ కార్డులో కూడా విమల అని పడిందట.

"ఔర్ మేరే బారే మే క్యా లిఖా హై?"

"మీకు అన్నీ తెలుసని."

"వో తో సచ్ హై," అంది బిమ్లా దీదీ, చాలా మామూలుగా. ఒక పుస్తకం తీసి చున్నీలో చుట్టుకుంది. కూతురికి చూపించాలట.

మార్చి 11, ఆదివారం

మాణిక్యాంబగారు భోజనానికి పిలిచారు. వైశాలి వాళ్ల అమ్మ. వసంత్ కుంజ్ ఫ్లాటు, బాల్కనీలో కరివేపాకు కుండీ. తలుపు తీయగానే నేను చూసింది ఆవిడ మొహం కాదు. మెడలో గొలుసుకి వేలాడుతున్న కళ్లజోడు.

వైశాలి వంటింట్లో ఫోన్లో ఉంది. ఆవిడ నాకు గోంగూర వడ్డిస్తూ, "ఏ ఊరమ్మాయ్ మీది?" అన్నారు.

"ఏలూరు, ఆంటీ."

"మీ అమ్మమ్మ జోలపాట చాలా బాగుంది."

"థాంక్స్, ఆంటీ."

"ఏ రాగం?"

"ఆంటీ?"

"పాడేవారన్నావటగా. ఏ రాగంలో పాడేవారూ అని."

"గుర్తులేదాంటీ."

"ఆఁ, నిద్రొచ్చేసి ఉంటుందిలే. ఇంకాస్త అన్నం పెట్టుకో."

అంతే. ఇంకేమీ అనలేదు. తర్వాత వేరే సంగతులు మాట్లాడారు. వైశాలికి చిన్నప్పుడు ప్రతి ఆదివారం పలక ఇచ్చి కూర్చోబెట్టేవారట, క తలకట్టు దగ్గరే పారిపోయేదట. "నేను చెప్తే వినదమ్మా. ఇంట్లో చెప్పిన మాట దాని చెవికి ఎక్కదు. అదే ఎవరైనా మైకులో చెప్తే నోట్సు రాసుకుంటుంది."

ఆవిడకి తెలియదు. పెద్దవాళ్లు రాగాల గురించి అడగడం మామూలే.

మార్చి 12

తెలుసు.

మార్చి 13

తెలిసుంటే ఊరుకుంటారా? తెలియదు.

మార్చి 20, ఉగాది

పండగపూట ఎందుకు. రేపు చెప్తాను.

మార్చి 25, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి. వెక్కిరింపులు తర్వాత.

హాలు నిండింది. ద్వారం దగ్గర బిమ్లా దీదీ, నేను ఒక్కొక్కరికీ ఒక్కో పుస్తకం ఇచ్చాం. జనం పుస్తకం తీసుకోగానే మొట్టమొదట చేసిన పని విసురుకోవడం. ఫ్యాన్లు తిరగడం లేదు. నా నిజం మూడువందల విసనకర్రలై ఊగుతోంది, ఎవరూ చదవడం లేదు. బతికిపోయాననుకున్నాను. నేనూ వైశాలీ మూడో వరసలో కూర్చున్నాం.

పంచాంగశ్రవణం అయింది. పిల్లల డాన్సు అయింది. అప్పుడు సంఘం కార్యదర్శి రామమోహనరావుగారు లేచారు. సెక్రటేరియట్‌లో పనిచేసి రిటైరైనాయన. ఫైలు ముగించినట్టు ఒక్కో వాక్యం ముగిస్తారు.

"సభకు నమస్కారం. మీ చేతుల్లో ఉన్న పుస్తకం మీద ఒక రచన ఉంది. లోపల ఇంగ్లీషులో దీన్ని జోలపాట అన్నారు. పొరపాటు. ఇది నిద్రపుచ్చే పాట కాదు. నిద్రలేపే కవిత!"

చప్పట్లు. నా పక్కన వైశాలి అందరికంటే గట్టిగా కొట్టింది.

"మాణిక్యాంబగారి కోరిక మీద దీన్ని చదివి వినిపిస్తాను. 'టీ కాచాం.' గమనించండి. టీ! తెల్లవాడు మనకి అంటించి పోయిన అలవాటు. 'తెల్ల కాగితాన్ని ముంచి ముసలిదాన్ని చేశాం.' ఆహా. 'దానికో గతం తగిలించాం. దానికి గతం లేదు.' చరిత్ర రాసేవాళ్ల మీద ఇంతకంటే దెబ్బ ఉందా? ఇక ఇక్కడ, 'వైశాలికి తెలుసు'!"

వైశాలి తన పేరు వినపడగానే ఎవరో పిలిచినట్టు నవ్వుతూ తలెత్తింది.

"వైశాలి! లిచ్ఛవుల రాజధాని. బుద్ధుడు నడిచిన నేల. ఒక్క మాటతో కవి మనల్ని రెండున్నరవేల ఏళ్లు వెనక్కి తీసుకుపోయాడు."

మా వెనక వరసలో ఎవరో అన్నారు, "బుద్ధుడేంటండీ, ఘాజియాబాద్ వైశాలి. మా బావమరిది ఫ్లాటు తీసుకున్నాడక్కడ."

"ఉష్, వినండి."

"'బిమ్లాకి తెలుసు, ఆమె గోళ్లకి తెలుసు.' శ్రమించే స్త్రీ చేతులు! 'కొనేవాళ్లకే తెలియదు. వాసన చూసి పాతదనుకుంటారు.' ఆఖరికి, 'వాసన టీది.' అంతే! ఇంకేం చెప్పాలి!"

హాలంతా చప్పట్లు. కొందరు పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "నిజమేనండోయ్, టీ వాసనే," అన్నారొకరు. "కవితకి తగ్గట్టు సెంటు కొట్టించారు," అన్నారు ఇంకొకరు.

వైశాలి మొహంలో నవ్వు అలాగే ఉంది. కళ్లు మాత్రం అందులోంచి లేచి వెళ్లిపోయాయి. చదవడం రాదు కానీ వింటే ప్రతి ముక్కా అర్థమవుతుంది. నాకు ఇది జనవరి 7నే తెలుసు, ఇక్కడే రాసుకున్నాను.

"యే లల్లబై నహీఁ హై," అంది నెమ్మదిగా.

"కాదు."

"తూనే లిఖా."

"అవును."

ఇంకో మాట అనేలోపే మైకులో, "ఈ కవయిత్రి మన మధ్యనే ఉన్నారని మాణిక్యాంబగారు చెప్పారు. చిరంజీవి శరణ్య వేదిక మీదికి రావాలి!"

నాకు శాలువా కప్పారు. అబద్ధాలు రాసి పట్టుబడ్డ రోజున శాలువా అందుకున్నది బహుశా నేనొక్కదాన్నే. కప్పింది మాణిక్యాంబగారు. మెడ దగ్గర మడత సర్దుతూ నా చెవిలో అన్నారు:

"గోళ్ల ముక్క బాగుందమ్మాయ్. కింద ఇంకా ఏదో ఉండాలే? అంచున తలకట్లు మాత్రం కనిపిస్తున్నాయి, అక్షరాలు తెగిపోయాయి."

"ఆంటీ, మీకు మొదట్నుంచీ..."

"ఆ టీ సంగతి నేను రెండేళ్లుగా చెప్తున్నాను దానికి. వినదు. చదువుకోమంటే రాదు. అందుకని పైకి చదివించాను." ఫొటో కోసం నవ్వారు. "నువ్వూ నవ్వు."

నవ్వాను. ఎదురుగా మూడో వరసలో వైశాలి కుర్చీ ఖాళీగా ఉంది.

మార్చి 26

ఆఫీసులో శాలువా కుర్చీకి తగిలించి, మోకాలి పుస్తకం బల్లమీద పెట్టుకుని కూర్చున్నాను. ఏలూరు రైలు ఏ టైముకో కూడా కనుక్కున్నాను.

వైశాలి వచ్చింది. పుస్తకం నావైపు తోసింది.

"పూరా పఢో. కట్ చేసింది కూడా."

చదివాను. 'మిగతావాళ్లు కాగితానికే రంగు వేశారు. నేను మాటకి వేశాను. ఈ అబద్ధాలన్నిటికీ చేతిరాత నాదే.' గట్టిగా చదివితే నా గొంతు నాకే కొత్తగా ఉంది. బిమ్లా దీదీ గిన్నె కింద మంట ఆపింది. తెలుగు రాకపోయినా ఎప్పుడు ఆపాలో ఆమెకి తెలుసు.

"తో తూ భీ," అంది వైశాలి. నువ్వు కూడా.

"నేను కూడా."

మొదటిసారి నాతో పూర్తిగా తెలుగులో మాట్లాడింది. ఒక్కో మాటా వెతుక్కుంటూ. "నువ్వు... ఎందుకు... చెప్పలేదు నాకు?"

"రేపు చెప్దామనుకున్నాను. రోజూ."

నవ్వింది. అంత బాగున్న నవ్వు కాదు. "నేను కూడా. ఈ ఒక్క ఆర్డరు. రోజూ."

తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని షాపువాళ్లకి మెయిల్ కొట్టింది. మా కాగితం రీసైకిల్డ్ కాదు, కొత్తది, టీలో ముంచుతున్నాం, క్షమించండి అని. పంపేముందు స్పెల్లింగులు చూడమంది. నేను చూసిన అతి చిన్న ట్యాగు అదే, ఒక్క తప్పు లేదు.

మార్చి 28

షాపువాళ్ల జవాబు వచ్చింది. రీసైకిల్డ్ అయినా కాకపోయినా తమకేం ఫర్వాలేదట, కస్టమర్లకి ఆ రంగూ ఆ వాసనా బాగా నచ్చాయట, దయచేసి టీ మాత్రం ఆపొద్దట.

నిజం చెప్పడానికి ఒక మనిషి రెండేళ్లు భయపడింది, ఇంకో మనిషి రెండు నెలలు భయపడింది. అవతలివాళ్లకి అది రంగు సంగతి.

వైశాలి దాన్ని మూడుసార్లు చదివింది. లేచి వెళ్లి తొట్టిలోంచి మూడు గొడుగులూ బయటికి తీసింది. తర్వాత విరిగిన కుర్చీ. కుర్చీ తీస్తున్నప్పుడు చెయ్యి గీరుకుంది, తెలుగులో 'ఛీ' అంది. చాలా స్పష్టంగా అంది.

మార్చి 31

నాకు శిక్ష పడింది. ఇకనుంచి ట్యాగులు రాయను. గుజ్జు కలుపుతాను. ఎం.ఏ. ఇంగ్లీషు, గుజ్జు విభాగం. మోచేతులదాకా నీళ్లు.

నాన్న ఫోన్ చేశాడు. "ఉద్యోగం ఉందా?"

"ఉంది నాన్నా. డిపార్ట్‌మెంటు మారింది."

"దేంట్లోకి?"

"ప్రొడక్షన్."

"మంచిది," అన్నాడు. పెన్ను గీస్తున్న చప్పుడు వినిపించింది.

ఏప్రిల్ 3

సభలో మిగిలిన జర్నళ్లు నలభైదాకా తిరిగొచ్చాయి. తొట్టిలో వెయ్యడానికి మొదటి సరుకు అవే. ఆకులు ఒలిచేసి, కుట్లు విప్పి, చింపి నానబెట్టాం. 'వైశాలికి తెలుసు'లు నలభై మెత్తబడి, విడిపోయి, నీళ్లలో తేలాయి. నీళ్లు టీ రంగుకి తిరిగాయి. ఎన్ని నీళ్లు మార్చినా పోదది.

బిమ్లా దీదీ దగ్గరున్నది కూడా అడిగాం.

"నహీఁ దూంగీ. మేరా నామ్ హై ఇస్‌మే." ఇవ్వనంది.

అడిగింది నేను. సిగ్గుండాలి నాకు.

ఏప్రిల్ 8, ఆదివారం

మొదటి షీటు ఆరింది. బిమ్లా దీదీ ఎత్తింది. నేను ఎత్తినవి మధ్యలో చిరిగి మళ్లీ తొట్టిలోకే పోయాయి. చూడ్డానికి ఉప్మా ఆరబెట్టినట్టుంది. అక్కడక్కడా నల్లటి చుక్కలు, ఒకచోట సగం 'గో', ఎవరి గోళ్లదో. కోసి మోకాలి పుస్తకంలో కుట్టుకున్నాను. జెనీఫర్ కుట్టింది, నిజానికి. "ఈ పేషెంటు బతకడే," అంది.

ఇప్పుడు రాస్తున్నది దాని మీదే. పెన్ను పెట్టగానే సిరా పాకిపోయింది, ఒక్క ముక్క చదవడానికి వీల్లేదు. అసలైన రీసైకిల్డ్ కాగితం మీద రాయడం కుదరదని మాలో ఎవరికీ తెలియదు. ఎప్పుడు రాశాం గనక. పెన్సిలుతో రాస్తున్నాను.

ఈ షీటు మూలన వైశాలి సంతకం చేసింది. రెండు ఆదివారాలుగా వాళ్లమ్మ దగ్గర పలక పట్టుకు కూర్చుంటోందట. క తలకట్టు దాటిందట. పెన్సిలు గట్టిగా నొక్కి, నాలుక బయటపెట్టి, కాగితం అవతలివైపు పొక్కులు లేచేలా రాసింది. నాకు చూపించి, సరిగ్గా ఉందా అన్నట్టు కళ్లెగరేసింది. చాలా బాగుందన్నాను.

వైశలి అని ఉంది. శకి దీర్ఘం పడలేదు.

రేపు చెప్తాను.